ఫోటోలోంచి నేను కోసేసిన తిరుపాలమ్మ

మాది మైదుకూరు. మా వారికి ఎరువుల అంగడి ఉంది. వారంలో ఆరు రోజులు గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చుంటాను. ఆదివారం వచ్చిందంటే మాత్రం కెమెరా భుజాన వేసుకుని ఏదో ఒక బస్సెక్కేస్తాను. పెద్ద కెమెరా ఏమీ కాదు, మా అన్న కొడుకు వాడి వాడి విసుగొచ్చి నాకిచ్చింది. ప్రొద్దుటూరు వీధులు, జమ్మలమడుగు దగ్గర పెన్నా ఒడ్డు, పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటలు (బత్తాయిని మేం చీనీ అంటాం), నా తిరుగుడంతా ఈ మూడింటి మధ్యనే. తీసిన ఫోటో కింద ఒక ముక్క రాసి, నాలాంటి ఫోటోల పిచ్చివాళ్ళున్న వాట్సాప్ గ్రూపులో పెడతాను. వాళ్ళు పొగుడుతారు, నేను మురిసిపోతాను. ఆ మురిపెం నన్ను ఎంతదాకా తీసుకెళ్ళిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. తీసిన ఫోటోలు అందులో ఉన్నవాళ్ళకే ఇచ్చి రావాలని మీలో ఎవరైనా అనుకుంటుంటే, బయలుదేరే ముందు ఇది చదవండి.

పోయిన కార్తీకంలో ఒక పొద్దున అంగట్లో ఉండగా ఫోన్ వచ్చింది. "అమ్మా, నేను వేముల కాడ ఓబులయ్యను. వాన పొద్దు మా తోటలో ఫోటో తీసుకుంటివే, గుర్తుండానా? బుధవారం నన్ను గుండె ఆపరేషనుకని తిరుపతికి తోలకపోతాండారు. అంతలోపల ఆ ఫోటో ఒకటి ఇచ్చిపోతివంటే శానా సంతోషం" అన్నాడు. గుర్తులేకపోవడమేమిటి, నా ఫోటోలన్నిటిలోకీ అంత పేరు తెచ్చింది అదే. ఆ రోజు మా ఎరువుల అంగడి కార్డు మీద నంబరు ఇచ్చి వచ్చాను. శ్రావణంలో, ఎండి ఎండి ఉన్న చీనీ తోటలో తొలి పెద్ద వాన పడుతుంటే, అరవై దాటిన ఓబులయ్య మొహం పైకెత్తి, రెండు చేతులూ చాచి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న ఫోటో అది. మోచేతి దగ్గర ఎవరివో నాలుగు వేళ్ళు కనిపిస్తాయి గానీ ఎవరూ పట్టించుకోలేదు. "ఒంటరి రైతు, తొలి వాన" అని కింద రాశాను. గ్రూపులో రెండు రోజులు దాని గురించే మాట్లాడుకున్నారు. ఆపరేషన్‌కు పోయే మనిషికి ఆ నవ్వును పెద్ద పటం కట్టించి ఇస్తే ఎంత ధైర్యంగా ఉంటుందో అని నాకు నేనే అనుకుని, ప్రొద్దుటూరులో పటాలు కట్టే ఖాదర్ అన్నకు ఫోటో పంపించాను. ఎలాగూ పోతున్నాను కదా అని, దారిలో ఇంకో ఇద్దరికి ఇవ్వాల్సిన ఫోటోలు కూడా చిన్నసైజులో తీయించి సంచిలో పెట్టుకున్నాను.

మంగళవారం తెల్లవారి ఆరున్నరకు మైదుకూరులో బస్సెక్కాను. ప్రొద్దుటూరికి ముక్కాలు గంట. ఇప్పుడు ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా చీటీ చించి ఇస్తారు. కాబట్టి ఈ తిరుగుడులో నాకు ఖర్చయ్యేది ఆటోలకూ తిండికే. బస్టాండు నుంచి బంగారు అంగళ్ళ వీధిలోకి నడిచిపోవచ్చు. అంత పొద్దున అంగళ్ళ షట్టర్లు ఇంకా లేవవు, దుకాణాల ముందు నీళ్ళు చల్లుతుంటారు. ఆ వీధి చివర సాలమ్మ దోశల బండి ఉంది. నలభై రూపాయలకు ఎర్రకారం, పప్పులపొడి దట్టంగా పూసిన రెండు దోశలు పెడుతుంది. పోయిన చలికాలం ఆమె పెనం వెనక నిలబడి ఉండగా తెల్లగా కమ్ముకున్న పొగమంచులో ఫోటో తీశాను. కింద "మంచులో అన్నపూర్ణ" అని రాశాను.

సాలమ్మ ఫోటోను కొంగుతో చేతులు తుడుచుకుని మరీ అందుకుంది. చాలాసేపు చూసింది. "బాగుండాది గానీ మ్మా, ఇది మంచు కాదు. ఆ పొద్దు కట్టెలు తడిసిండె. ఊది ఊది కండ్లు మండి ఏడ్చినా. చూడు, ఈడ కండ్లు తుడుచుకుంటాండా" అని వేలు పెట్టి చూపించింది. నేను ఆ చెయ్యిని నుదుటి మీద వెంట్రుకలు సర్దుకుంటోందనుకున్నాను. "ఏమనుకోవాకు, మంచే అనుకుందాంలే" అని ఆమే నన్ను సముదాయించి, ఫోటోను పిండి గిన్నె వెనక రేకుకు ఆనించి పెట్టింది. కాస్త చిన్నబోయాను. అయినా నవ్వుకుని లేచాను. ఇది చిన్న సంగతేలే అనుకున్నాను.

బస్టాండు పక్కన ఖాదర్ అన్న అప్పుడే అంగడి తెరిచాడు. పటం అప్పటికే కట్టి, మందపాటి గోధుమరంగు కాగితం చుట్టి, పురికోసతో బిగించి గోడకు ఆనించి పెట్టాడు. నా నడుముదాకా వచ్చేంత పెద్దది. ముందురోజు ఫోన్‌లో నేను ఆయనతో అన్నమాట ఒక్కటే: "మాకు శానా కావాల్సిన పెద్దాయనన్నా. బాగా అలంకరించి ఇవ్వు, చూసినోళ్ళు కండ్లు తిప్పుకోకూడదు." ఆయన చెప్పిన ధరకంటే తక్కువే తీసుకున్నాడు. "ఇట్లాటిదానికి బేరమేందమ్మా. శానా మంచి మొగం. నవ్వు చూస్తాంటే పానం ఉన్నట్టే ఉండాది" అన్నాడు. అంగడి మెట్టు దాకా వచ్చి, పటం వైపు ఒకసారి చెయ్యెత్తి మొక్కాడు కూడా. నా ఫోటో ఆయన్ను అంత కదిలించిందని నేను పొంగిపోయాను. విప్పి చూడాలని చెయ్యి పోయింది గానీ, జమ్మలమడుగు బస్సు కదలబోతోందని ఎవరో అరిచారు. పటం చంకలో ఇరికించుకుని పరుగెత్తాను.

బస్సులో కండక్టరు, "మేడమ్, నీకు టికెట్టు ల్యాదు గానీ దీనికి లగేజీ కొట్టాల్సి వస్తాది" అని నవ్వించాడు. మళ్ళీ ఆయనే దాన్ని డ్రైవరు వెనక భద్రంగా నిలబెట్టాడు. కాగితం పైమూలలోంచి సన్నటి తీగ ఒకటి వేలాడుతోంది. పురికోస కొసేమో అనుకుని లోపలికి దోపాను. జమ్మలమడుగు చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. పెన్నా వైపు రేగడి చేలల్లో అప్పుడప్పుడే శనగ మొలకెత్తుతోంది. అక్కడి పుల్లయ్య జొన్నచేను మీంచి ఒక్కసారిగా లేచిన వందల పిట్టలు, ఆయనకు ఇవ్వాల్సిన ఫోటోలో ఆకాశం నిండా పరుచుకుని ఉన్నాయి. దానికి "స్వేచ్ఛ" అని పేరు పెట్టి ఉన్నాను.

పుల్లయ్య గట్టు మీద కూర్చుని సద్ది తింటున్నాడు. ఫోటో చూసి పడీ పడీ నవ్వాడు. "ఏందక్కా, నేను రేకుడబ్బా కొట్టి తోలింటి ఈటిని. ఆ పొద్దు గొంతు పోయేట్టు అరిచినా. నేనూ ల్యా, నా డబ్బా ల్యా, నా చేను కూడా ల్యాదే ఈడ!" అన్నాడు. చేను కూడా పెట్టుంటే బాగుండేది కదా అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "పెట్టింటే ఏముంటాది చూసేకి? వంగిపోయిన కంకులు. ఆ ఏడు మాకు మిగిలింది సొప్పే" అని మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండు ఫోటోలు ఇచ్చాను, రెండిట్లోనూ నేను రాసింది అబద్ధమని తేలింది. మూడోది మాత్రం అలా కాదు, ఆ నవ్వు నిజంగా నవ్వే, ఆ వాన నిజంగా వానే అని నాకు నేను చెప్పుకుంటూ మళ్ళీ బస్టాండుకు నడిచాను.

జమ్మలమడుగు నుంచి పులివెందులకు ముద్దనూరు మీదుగా గంటన్నర పైన పడుతుంది. బస్సులు పొద్దున పూట దొరుకుతాయి, మధ్యాహ్నం పలచబడతాయి. ముద్దనూరు దాటినాక గుట్టలు దగ్గరికి వస్తాయి, ఎర్రనేలలో చీనీ తోటలు, అరటి తోటలు మొదలవుతాయి. ఫోటోలు తీసేవాళ్ళు ఈ దారిలో ఎడమవైపు కిటికీ పట్టుకోండి. నేను ఆ రోజు కెమెరా బయటికే తీయలేదు, పటానికి దెబ్బ తగలకుండా పట్టుకోవడంతోనే సరిపోయింది. పులివెందులలో బస్టాండు దగ్గరే వేముల వైపు ఆటోలు ఉంటాయి. షేర్ ఆటో అయితే ముప్పై రూపాయలు. పటం ఉంది కాబట్టి నేను ఆటో మొత్తం మాట్లాడుకున్నాను. డ్రైవరు పేరు బాషా, ముప్పై ఏళ్ళుంటాయి.

ఓబులయ్య ఇల్లు ఊరికి కాస్త ఎడంగా, తోటకు ఆనుకునే ఉంది. రేకుల వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. శ్రావణంలో చూసిన మనిషి కాదు, మెడ ఎముకలు తేలాయి. పక్కన కొత్త బ్యాగు సర్దిపెట్టి ఉంది. ఆయన భార్య తిరుపాలమ్మ చేట పక్కన పెట్టి గబగబా లేచి వచ్చి నా చేతులు పట్టుకుంది. పక్కింటి మాబున్ని కూడా అక్కడే ఉంది. వాళ్ళాయన కువైట్‌లో పని చేస్తాడట, ఈమె పగలంతా ఇక్కడే ఉంటుందట. ఆటో చప్పుడుకు ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. "ఇంత పెద్దది తెచ్చినావే! ముందర మజ్జిగ తాగు" అని తిరుపాలమ్మ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఓబులయ్య ఆగలేదు. "మజ్జిగ యాడికీ పోదులే, ముందు దీన్ని చూడనీ" అని పురికోసను తనే పళ్ళతో కొరికి, కాగితం పైనుంచి కిందికి చించాడు.

మొదట బయటపడింది చిన్న ఎర్ర బల్బు. దానికింద, నేను లోపలికి దోపిన తీగ. ఆ తర్వాత గంధపు చెక్క పొరలతో కట్టిన దండ, ఆ మూల నుంచి ఈ మూలకు. అద్దం మీద, సరిగ్గా ఓబులయ్య నుదుటి దగ్గర, ఎర్రగా కుంకుమ బొట్టు. మా వైపు ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ ఫోటోను అంత పెద్దది చేయించి పటం కట్టించారంటే వాళ్ళు పోయారనే అర్థం. బతికున్నవాళ్ళ ఫోటోలు జంటగానో, పిల్లలతోనో, చిన్నవిగా ఉంటాయి. ఇది నాకు తెలియని విషయమేమీ కాదు. మా ఇంట్లో మా మామగారి పటం అలాగే ఉంది, దాని కింద బల్బు నేనే రోజూ వేస్తాను. నా ఫోటో మీది మోజులో అది ఒక్క క్షణం కూడా నా బుర్రకు తట్టలేదు. ఖాదర్ అన్న నా కుటుంబంలో ఎవరో పోయారనుకుని, నేను అడిగినట్టే, బాగా అలంకరించి ఇచ్చాడు.

తిరుపాలమ్మ చెయ్యి దానంతటదే ఆమె నుదుటి బొట్టు మీదికి పోయింది. మజ్జిగ గ్లాసు పట్టుకుని, పదిమంది మధ్యలో దొంగలా నిలబడ్డాను. అంత సిగ్గు నా జన్మలో ఎరగను.

ముందుగా నోరు తెరిచింది ఓబులయ్యే. పటాన్ని కాస్త దూరంగా పెట్టి చూసి, "బాగుండాది. పటం కూడా వచ్చేసిందిగా, ఇంక ఆపరేషను ఏంటికి? దుడ్లు దండగ. మేయ్, రేపు కారు వద్దని ఫోన్ చెయ్యి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాట కోసమే ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్నట్టుంది. మాబున్ని నా చెవిలో, "మూడు నెలలు బతిమాలి ఒప్పించినారమ్మా ఆయప్పను. కొడుకు ఆస్పత్రి కాడ పడిగాపులు కాసి ఆపరేషనుకు ఈ తేదీ తెచ్చుకున్యాడు. ఇది తప్పితే మళ్ళ సంక్రాంతి దాటినాకే అంట. అంతదాకా గుండె తట్టుకుంటాదని డాక్టర్లే చెప్పలేకపోతాండారు" అంది. తిరుపాలమ్మ ఆయనకు అడ్డం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. "ఇట్లా శకునమైనాక కదిలేదే ల్యా. రేపు పోవద్దు" అంది. ఒకరు భయంతో, ఒకరు భయాన్ని నవ్వుగా చేసుకుని, ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చారు. మధ్యలో నేను తెచ్చిన పటం.

"అమ్మా, తప్పంతా నాది, పటం కట్టినాయన తప్పుగా అర్థం చేసుకున్నాడు" అని ఏదేదో గొణిగాను. తిరుపాలమ్మ వినడం లేదు. పటం దగ్గర కూర్చుని అద్దంలోకి తేరిపార చూస్తోంది. వేలితో ఓబులయ్య మోచెయ్యి దగ్గర తట్టింది.

"ఇవి నా ఏళ్ళు" అంది. "నేనాడనే ఉంటినే. గోతం కప్పుకోని, జరమొస్తాది లోపలికి రా అని ఈయప్పను పట్టుకోని గుంజుతాంటి. నేనేమైతి?"

ఆమె నావైపు చూసింది. కోపం కాదు. అర్థం కాక అడుగుతోంది, అంతే. దానికి జవాబు నా దగ్గర ఉంది. ఆ రోజు తిరుపాలమ్మ ఖాళీ యూరియా గోతాన్ని మూల మడిచి తలమీద కప్పుకుని, ఒక చేత్తో భర్తను లాగుతూ, ఆయన మాట వినడం లేదని తనూ నవ్వుతోంది. ఇంటికొచ్చి ఫోటో చూస్తే, గోతం మీది నీలం అక్షరాలు కంటికి అడ్డం పడ్డాయి. సగం ఫోటో కోసేశాను. కోసిన తర్వాత "ఒంటరి రైతు" అని పేరు పెట్టాను. ఆ వేళ్ళను కూడా తీసేద్దామని చూశాను, చేత కాలేదు, వదిలేశాను. అదంతా ఆమె ముందర చెప్పాను. చెప్తుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"గోతం బాగలేదనా?" అంది తిరుపాలమ్మ. "మీ అంగట్లో అమ్మే గోతమే గదమ్మా అది."

ఆ మాటకు నిజంగానే భూమిలోకి కూరుకుపోయినట్టయింది. అవును, మా అంగట్లో రోజూ బస్తాలకు బస్తాలు పేర్చి అమ్మే గోతమే. దాని మీద వచ్చిన రాబడితోనే నేను ఆదివారాలు కెమెరా వేసుకుని తిరుగుతున్నాను. ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా సిగ్గేసింది. ఫోన్ తీసి, వెతికి వెతికి, కోయకముందటి ఫోటో తెరిచి ఆమె చేతిలో పెట్టాను.

తిరుపాలమ్మ ఫోన్‌ను ఎండకు చెయ్యి అడ్డం పెట్టి చూసింది. కొంచెంసేపటికి ఆమె పెదాలు కదిలాయి. "మేయ్ మాబున్నీ, చూడుమే, ఎట్ల గుంజుతాండానో! గాడిదను లాగినట్టు" అంది. మాబున్ని వంగి చూసి, "నవ్వుతాండావే నువ్వూ" అంది. ఓబులయ్య కూడా మెడ చాచి చూశాడు. "ఆ పొద్దు నీ మాట ఇనింటే ఈ జబ్బే రాకపోవునేమో" అన్నాడు. "ఈ పొద్దన్నా ఇను" అంది తిరుపాలమ్మ, ఆయన వైపు చూడకుండానే.

అప్పుడు మాబున్ని తన మాట చెప్పింది. "అక్కా, నీకు గుర్తుండాదా, నాలుగేండ్ల కింద మా ఆయన కువైట్లో పోయినాడని ఎవురో తప్పుగా ఫోన్ జేసిరి. రెండు దినాలు ఇంట్లో పొయ్యి ఎలగల్యా. మూడో దినం ఆయనే ఫోన్ జేసె. ఆ పొద్దు నువ్వేమంటివి? బతికున్నోనికి సావు కబురొస్తే ఆయుసు పెరుగుతాది, గండం ఆ కబురుతోనే పోతాదంటివి. నాకు చెప్పిన మాట నీకు పనికిరాదా? దండ పడాల్సింది పటానికి పడిపాయె, ఇంక మనిషికి ఏంటికి పడతాది?"

తిరుపాలమ్మ ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చింది. తర్వాత లేచి, కొంగు కొసను నీళ్ళలో తడిపి అద్దం మీద బొట్టు తుడిచింది. గంధపు దండను తెంపింది. బల్బును తీగతో సహా పీకి నా చేతిలో పెట్టింది. దండను తీసుకుపోయి తోట కాలువలో వేసి, చేతులు కడుక్కుని వచ్చింది. అంతసేపూ ఓబులయ్య ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడి రెండు మాటలు చెప్పింది. ఒకటి, తనున్న ఫోటో పొద్దు మునిగేలోపల కాగితం మీద తీసుకురావాలి, అది ఆస్పత్రికి తనతో వస్తుంది. రెండు, "రేపు పొద్దన మేము కదిలేటప్పుడు నువ్వే మాకు ఎదురు రావల్ల. అపశకునం నువ్వే తెచ్చినావు, మంచి శకునం కూడా నువ్వే కావల్ల."

బాషా ఆటో ఇంకా అక్కడే ఉంది. అంతా చూసినవాడే, నేనడగకముందే బండి వెనక్కి తిప్పాడు. పులివెందుల పొలిమేరలో, "అక్కా, ఒకమాట చెప్తా, ఏమనుకోవాకు. మా అమ్మ ఫోటో కూడా తీస్తావా ఎప్పుడన్నా? మా నాయన పక్కన నిలబెట్టే తియ్యాల" అన్నాడు. అంత జరిగాక కూడా నన్ను ఫోటో అడిగాడని కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. బస్టాండు ఎదురుగా ఉన్న స్టూడియోలో అరగంటలో ఫోటో వచ్చింది. అరచేయంత ఫోటో, మొత్తం ఫోటో. వాన, తోట, ఓబులయ్య, తిరుపాలమ్మ, గోతం, గోతం మీద నీలం అక్షరాలు. మా వారికి ఫోన్ చేసి, ఈ రాత్రికి రానని చెప్పాను. ఎందుకని అడిగితే, యూరియా గోతాల సంగతి ఇంటికొచ్చి చెప్తాలే అన్నాను. పొద్దు మునగకముందే మళ్ళీ వెళ్ళి ఫోటో తిరుపాలమ్మ చేతిలో పెట్టాను. పులివెందులలో లాడ్జీలు ఉన్నాయి గానీ మాబున్ని ఒప్పుకోలేదు. వాళ్ళింట్లోనే సంగటి, చెనిగ్గింజల (వేరుశనగ) పచ్చడి తిని పడుకున్నాను.

పొద్దున ఆరుకు కారు వచ్చింది. తిరుపాలమ్మ ముందే కబురు పంపింది: మెడలో ఆ మిషను ఏసుకోని రావాకు అని. కెమెరా మాబున్ని ఇంట్లో పెట్టి, తలంటుకుని, బొట్టు పెట్టుకుని, ఇత్తడి చెంబు నిండా నీళ్ళతో మలుపు దగ్గర నిలబడ్డాను. ఓబులయ్య ఇంట్లోంచి బయటికొచ్చి, కారెక్కే ముందు నన్ను చూసి ఆగాడు. చెంబులో నీళ్ళు తొణికి పైటమీద పడుతున్నాయి. నేను నడిచాను. నా జీవితంలో ఎన్నో మైళ్ళు ఫోటోల కోసం నడిచాను, ఆ ఇరవై అడుగులు నడవడం అన్నిటికంటే కష్టమైంది. దగ్గరికి రాగానే ఆయన, "నీళ్ళన్నీ నీ మీదనే పోసుకుంటివి, మాకేముండాది?" అన్నాడు. తిరుపాలమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని కార్లోకి లాగింది. ఫోటోలో ఎక్కడ పట్టుకుందో అక్కడే.

ఇంటికి తిరిగి రావడానికి పులివెందుల నుంచి ముద్దనూరు, ప్రొద్దుటూరు మీదుగా మధ్యాహ్నం దాకా పట్టింది. ప్రొద్దుటూరులో ఖాదర్ అన్న అంగడి ముందు ఆగి, ఎర్ర బల్బు వెనక్కి ఇచ్చేశాను. జరిగింది చెప్తే ఆయన తల పట్టుకుని, "నువ్వైనా చెప్పకపోతివా, నేనైనా నిన్ను అడగకపోతినా" అన్నాడు. గ్రూపులో "ఒంటరి రైతు" తీసేసి, మొత్తం ఫోటో పెట్టాను, కింద ఇద్దరి పేర్లు రాశాను. ముందటిదే బాగుందని చాలామంది రాశారు. నేను వాళ్ళతో వాదించలేదు, ఎందుకంటే మొన్నటిదాకా నేనూ ఆ మాటే అనేదాన్ని. ఇప్పుడు నా పాత ఫోటోలన్నీ తెరిచి, అంచుల్లో ఎవరి చెయ్యి మిగిలిందా, ఎవరి నీడ ఆగిందా అని చూసుకుంటున్నాను. చూస్తున్నకొద్దీ తల దించుకోవాల్సి వస్తోంది.

మీరు ఈ దారిలో వెళ్తే చెప్పగలిగిన సలహా ఒక్కటే. ఎవరి ఫోటో వాళ్ళకు ఇవ్వదలచుకుంటే, చిన్నదిగా, కోయకుండా, పటం కట్టించకుండా ఇవ్వండి. కట్టించక తప్పకపోతే మాత్రం అంగట్లోనే కాగితం విప్పి చూసుకుని కదలండి, బస్సు పోతే ఇంకొకటి వస్తుంది.

మూడు వారాల తర్వాత తిరుపాలమ్మ ఫోన్ చేసింది. ఓబులయ్యకు ఆపరేషన్ అయింది, ఇంటికొచ్చేశాడు, పొద్దున్నే తోటలోకి పోతానని పేచీ పెడుతున్నాడట. చిన్న ఫోటో పొయ్యి ఎదురుగా గోడకు అంటించిందట. ఆ పెద్ద పటం ఏం చేశారని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమే చెప్పింది.

"పారెయ్యలేదమ్మా. నవ్వు బాగుండాది గదా. పెట్టె అడుగున, నా పెండ్లి చీర కింద పెట్టినా. దానికి ఇప్పుడే పని ల్యా."